ఎడమ దిక్కుకు

కాజీపేట బ్రిడ్జి దిగంగ
ఒక్క రెప్పపాటు స్టీరింగు ఇడిసి చూసిన.
పద్మిని మెల్లగ ఎడమకు ఒరిగింది,
సోడాబండి దిక్కు,
విని గూడ విననట్టు మొఖం తిప్పుకునే మనిషి లెక్క.

డెబ్బై ఎనిమిది మోడల్. పాలపిట్ట రంగు, అక్కడక్కడ.
కోర్టు ముందర నేను టైపు కొట్టిన దావాలకు
మూడేండ్ల కూలి బాకీ పడి
వకీలు రామానుజం సారు తాళంచెవి చేతుల పెట్టిండు:
"నర్మదా, పైసలు లేవు గని, ఇది నడుస్తది."
నడుస్తది.
ఎటు అనేది చెప్పలే.

ఎనుమాముల గేటు కాడ పంచర్ల పిలగాడు
గాలి తక్కువన్నడు, కొట్టిండు. గుంజుడు ఆగలే.
కోర్టు గుమస్తా రోడ్డే ఎడమకు వాలుంటదన్నడు.
హంటర్ రోడ్డుల అద్దాల షాపోడు
చక్రాలకు లైట్లు తగిలించి, కంప్యూటర్ల దేవులాడి
"మేడం, మీ బండి లిస్టుల లేదు" అన్నడు.
లిస్టుల లేనిది
ఇంత బలంగ ఎట్ల గుంజుతదో!

ఆఖరుకు మట్టెవాడ, యాకూబలి షెడ్డు.
షెడ్డంటే నాలుగు రేకులు, ఒక నులక మంచం,
మంచం కింద ఎవరిదో గేరుబాక్సు.
బండిని చూడలే. నన్ను చూసిండు.
"ఎప్పుడు గుంజుతది? బ్రేకు కొట్టకముందా, కొట్టినంకనా?"
"కొట్టినంక. ఇడిసినంక గూడ."
"పొద్దుగాల తియ్యంగనేనా, దూరం పోయినంకనా?"
ఇన్నేండ్లు వాంగ్మూలాలు టైపు కొట్టిన,
సాక్షిని గిట్ల అడిగినోన్ని చూడలే.

ఉర్సు గుట్ట దిక్కు ఖాళీ తొవ్వల
కుడి అంచు పట్టి నడిపిచ్చిండు.
వాలు అటు మారింది, బండి ఎడమకే.
రోడ్డు నిర్దోషి.
ముందు టైర్లు ఇటుది అటు, అటుది ఇటు.
ఎడమకే.
దర్జీ దారం గుంజి కట్టి
వెనక చక్రం నుంచి ముందు చక్రం దాక
ఒంటికన్నుతోని చూసిండు.
దారం అబద్ధమాడలే.

ములుగు రోడ్డున ఆరెపల్లి దాక పోయొచ్చి
కుడి చక్రం మీద అరచెయ్యి పెట్టిండు,
జొన్నరొట్టె పెనం చూసేటట్టు.
ఎడమ దాని మీద పెట్టి
ఉలిక్కిపడి తీసుకున్నడు.
"దొరికిండు" అన్నడు, దొంగను అన్నట్టు.

జాకీ మీద లేపితే ఆ చక్రం తిరగది.
పైన పైపు జాయింటు సడలిచ్చిండు. తిరగలే.
కింద నిపుల్ సడలిచ్చిండు.
బొట్టంత నూనె చిమ్మింది,
చక్రం ఊపిరి ఇడిసి తిరిగింది.
తప్పు ఆ రెండిటి నడుమ,
జానెడు రబ్బరు గొట్టంల.

పైకి నిగనిగ. పగులు లేదు, కారుడు లేదు.
అడ్డంగ కోస్తే లోపల వాచి, సూది దూరనంత సందు.
"కాలుతోని తొక్కితే ఆ జోరుకు నూనె పోతది బేటీ.
ఇడిస్తే మర్రి రానియ్యది.
నువ్వు ఎన్నడో ఇడిసిన బ్రేకు
ఆ చక్రం ఇంకా పట్టుకునే ఉన్నది."

రెండు దిక్కులా కొత్త గొట్టాలేసిండు.
ఒక్కటే మారిస్తే రెండోది అలుగుతదంట.

తిరిగొస్తుంటె అండర్ బ్రిడ్జి కాడ
బండి కుడికి పోయింది.
ఆటో ఆయన మా వంశాన్నంతా యాది చేసిండు.
గుండె జారింది. వెనక్కి తిప్పుదామనుకున్న,
మట్టెవాడకే, యాకూబలిని నిలబెట్టి అడుగుదామని.
అప్పుడు కనిపిచ్చినయి నా చేతులు.
నాలుగేండ్లు కుడికి పట్టి పట్టి
సీదా పోయే బండిని గూడ
కుడికే పట్టుకోని ఉన్నయి.

ఒక్కొక్క వేలు సడలిచ్చిన.
చిటికెన వేలు ఆఖరుకు.

కోసిన గొట్టం ముక్క కడిగి
టైపు మిషన్ పక్కన పెట్టుకున్న.
దావాలు రాని పగటిపూట తీసి చూస్త.
గట్టిగ ఊదితే పోతది.
మెల్లగ పీలిస్తే
రాదు.